ఒక్క ఊపిరి షడ్జం

కనకలింగంగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. పాలకొల్లులో ఆయన సన్నాయి మేళానికి పాతికేళ్లు డోలు వాయించాను. ఆ అలవాటు మీద లోలోపల విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఒకనాటి ఉదయం సాధన మధ్యలో శిష్యుడు మురహరి జేబులోంచి వేలెడంత గొట్టం జారిపడింది. గదంతా మామిడిపండు వాసన. వాడు దాన్ని తీసి తుడుచుకుని, ఏమాత్రం బెదరకుండా అడిగాడు.

"ఇది పొగ కాదండీ గురువుగారూ, ఆవిరి. జలుబు చేస్తే మీరే కదండీ ఆవిరి పట్టమంటారు? ఇందులో తప్పేముందండీ?"

 మూల కూర్చుని తాళం వేస్తున్న సింహాద్రి చేతికి గురువుగారు తన సన్నాయి ఇచ్చి, "షడ్జం పట్టు" అన్నారు. మురహరికి నవ్వొచ్చింది. తను చేరిన ఈ రెండేళ్లలో సింహాద్రి తాళం తప్ప మరొకటి ముట్టుకోగా వాడు చూడలేదు.

సింహాద్రి ఊదాడు. స్వరం శుద్ధంగా లేచింది. నాలుగు తాళం దెబ్బలైనా నిలవకుండా వణికి తెగిపోయింది. ఆ వెంటనే దగ్గు. ముప్ఫై ఏళ్లు నిండని మనిషి గోడ పట్టుకుని వంగిపోయాడు. దగ్గు తగ్గాక మళ్లీ సన్నాయి పెదవికి ఆనించాడు. గాలి చాలలేదు. వేళ్లు మాత్రం చప్పుడు లేకుండా కల్యాణి రాగం మొత్తం నడిపించాయి, ఒక్క గమకం తప్పకుండా. నాకు ఏడుపొచ్చింది.

"ఈయన ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" మురహరి గొంతు తగ్గింది.

"నా దగ్గరే. నా తర్వాత ఈ మేళం వీడిదే అనుకున్నాను" అన్నారు గురువుగారు. "ఇలాంటి గొట్టమే తెచ్చుకున్నాడు. ఏమిట్రా అదంటే వేప్ అన్నాడు. నాకు వేప అని వినబడింది. వేప ఆవిరైతే ఛాతీకి మంచిదే, పట్టు నాయనా అన్నాను. నాలుగేళ్లు పట్టాడు. ఊపిరితిత్తుల్లో సన్న నాళాలు మచ్చకట్టి మూసుకుపోయాయిట. ఇక తెరుచుకోవన్నారు డాక్టర్లు."

చెబుతున్నంతసేపూ ఆయన సింహాద్రి వైపు చూడలేకపోయారు.

"మీరు వద్దన్నా మానేవాణ్ణి కాదులెండి" అన్నాడు సింహాద్రి.

మురహరి గొట్టాన్ని కిటికీలోంచి విసిరేశాడు. "నాకింకా ఏమీ కాలేదండీ. మొదలెట్టి ఏడాదే కదండీ!"

"అయితే ఊదు."

పోయిన దసరాకి వాడు ఒక్క ఊపిరితో షడ్జాన్ని మూడు ఆవర్తాలు నిలబెట్టాడు. మేమందరం విన్నాం. సన్నాయి వాడి చేతికిచ్చి సింహాద్రి తాళం అందుకున్నాడు. ఎనిమిది దెబ్బలతో మొదటి ఆవర్తం నిండింది. రెండోదాంట్లో మురహరి మెడ నరాలు ఉబ్బాయి, ముఖం కందిపోయింది. అయిదో దెబ్బకి స్వరం తెగింది. కాసేపు ఆగి మళ్లీ ఊదాడు. మళ్లీ అయిదో దెబ్బే.

 గురువుగారు వాడి చేతిలోంచి సన్నాయి తీసుకుని, తుడిచి, గుడ్డలో చుట్టారు.

"సింహాద్రీ, రేపట్నించి వీడికి తాళం నేర్పు" అన్నారు.