డెబ్బైసార్లు మెరుగుపెట్టిన మంచుబొట్టు

రెల్లుమడుగుకీ గబ్బిలాల గుహకీ మధ్య ఉన్న చిత్తడిలో ఒకప్పుడు ప్రతి జంతువుకీ ఒక ఫోనుండేది. ఎక్కడివని నన్నడక్కండి, నాకీ సంగతి చెప్పిన పిచ్చుకనడగండి. కప్పలకైతే రెండేసి ఉండేవట. ఆ ఫోన్లతో అవి వీడియోలు తీసేవి. తీసి, "కదిలే బొమ్మలు" అనే గ్రూపులో వేసుకునేవి. గ్రూపులో పదకొండువేల మంది సభ్యులు. అందులో పదివేలు చీమలే అనుకోండి, అయినా సభ్యులు సభ్యులే.

ఆ గ్రూపులో ఎవరికేం తెలిసినా దాచుకోకూడదు, అదీ ఆనవాయితీ. ఒకరు సందేహం అడిగారంటే పావుగంటలో నాలుగొందల సలహాలు. గ్రూపు అడ్మిన్ బాతక్క. ఆవిడ అందరికీ కనపడేలా గ్రూపు నెత్తిన ఒక మాట అతికించి పెట్టింది: "సందేహముంటే రంగప్పనడగండి."

రంగప్ప అంటే ఊసరవెల్లి. రంగుల విద్యలో అతన్ని మించినవాడు లేడు. ఒంటిమీదే నేర్చుకున్న విద్యాయె. రోజూ పొద్దున్నే కొమ్మమీద కూర్చుని, ఒక కన్ను ఈగమీదా రెండో కన్ను ఫోనుమీదా వేసి, ఆ మాటను మూడొందలసార్లు చదువుకుంటే గానీ ఈగ సహించేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు నత్తమ్మ ఒక వీడియో పెట్టింది. తామరమొగ్గ విచ్చుకోవడం. మొగ్గ విచ్చుకునేదాకా మూడు రోజులు ఫోను పక్కనే కదలకుండా కూర్చోవడం మన వల్లవుతుందా? నత్తమ్మకది తొందరపడటం కింద లెక్క. ఆ మూడు రోజుల్నీ అరనిమిషంలోకి కుదించి వదిలింది. చూసి కొంగ నోట్లో చేపని జారవిడిచింది. గేదె నాలుగు రోజులు నెమరువేయడం మర్చిపోయింది. మొసలి ఏడ్చింది, ఈసారి నిజంగానే.

"నత్తమ్మా, బొమ్మ ఇంత స్థిరంగా ఎలా వచ్చింది?" అని కాకి అడిగింది.

"ఫోను కాలితో పట్టుకోకు కాకన్నా. బంకమట్టి ముద్దలో గుచ్చు. నువ్వు కొంచెం దూరంగా ఉండు."

"నా కూత కన్నా గాలి హోరే ఎక్కువ వినపడుతోంది. దానికేం చెయ్యను?"

"మైకు కన్నం మీద బూరుగుదూది చుట్టి చూడు."

కాకి చుట్టింది. మర్నాడు దాని కూత గంట కొట్టినట్టు వినపడింది. అది విన్నవాళ్లందరికీ సంతోషమైందో లేదో వేరే సంగతి. ఆ రోజునుంచీ ఎవరికేం కావాలన్నా, "నత్తమ్మా, ఉన్నావా?" అనడమే.

రంగప్ప కడుపులో పుట్టిన మంట తోక చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "గంటకి నాలుగడుగులు వేసేవాణ్ని నేను. నాకన్నా మెల్లగా నడిచేది ఈ చిత్తడిలో ఇదొక్కతే. ఇదా నన్ను దాటిపోయేది!" అని కొమ్మని కొరికాడు. ఒళ్లు పసుపై, నేరేడై, కాలిన వంకాయై పోయింది. ఫోనులో ఒళ్లు కనపడదు గనక బతికిపోయాడు. వేళ్లు మాత్రం, "భలే తీశావు చెల్లెమ్మా, కళ్లు చల్లబడ్డాయి" అని రాసి నాలుగు చప్పట్ల బొమ్మలు జతచేశాయి.

అప్పుడు బాతక్క గొంతు రికార్డు చేసి పంపింది.

"ఏమర్రా! ఎన్నాళ్లని ఎవరి వీడియో వాళ్లం తీసుకుంటాం? అందరం కలిసి ఒక దండ కడదాం. ఏడుగురు ఏడు వీడియోలు తియ్యండి. ముడి కనపడకూడదు. ఒకరి ఆఖరి బొమ్మ తర్వాతవాళ్ల మొదటి బొమ్మలోకి మెల్లగా కరిగిపోవాలి. ఆ కలపడం నేను చూసుకుంటా. ఎవరి తర్వాత ఎవరన్నది చీటీ వేసి చెబుతా. పున్నమి వెళ్లిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, గుహలో గోడమీద ఆట. అది చూశాక గ్రూపు నెత్తినున్న మాట మార్చాలో వద్దో ఆలోచిస్తా. కొందరు నత్తమ్మ పేరు పెట్టమంటున్నారు."

ఆ ఆఖరి ముక్క విని రంగప్ప కొమ్మమీంచి జారాడు. తోక చుట్టుకుని ఉండబట్టి కిందపడలేదు.

అదే సాయంత్రం నత్తమ్మ అతనికి విడిగా ఒక మెసేజీ పెట్టింది.

"రంగప్పన్నయ్యా, దండ కోసం గడ్డిపరక మీద మంచుబొట్టు తీశాను. అంతా కుదిరింది గానీ ఎరుపు కాస్త వెలిసినట్టుంది. రంగుల సంగతి నీకన్నా ఎవరికి తెలుసు? చూసి చెప్పవూ?"

రంగప్ప చూశాడు. మంచుబొట్టులో మడుగు మొత్తం ఉంది. మడుగులో సూర్యుడు లేస్తున్నాడు. ఒక అంచున తన కొమ్మ ఉంది, కొమ్మమీద తనున్నాడు, ఆవగింజంత. 'దాని బొట్టులో నేను ఆవగింజనా!' అనుకున్నాడు. ఎరుపు ఒక్క గీత పెంచితే చాలని అతనికి చూడగానే తెలిసింది. ఒక్క వేలి పని.

"ఎరుపు కాదు చెల్లెమ్మా, మెరుగు తక్కువైంది" అని రాశాడు. "ఈ వీడియోని నీకు నువ్వే పంపుకో. వచ్చినదాన్ని దాచుకుని మళ్లీ పంపుకో. దంచినకొద్దీ బియ్యం తెల్లబడటం లేదూ? పంపినకొద్దీ బొమ్మా అంతే, తేటపడుతుంది."

"ఎన్నిసార్లన్నయ్యా?"

"నీ పనితనానికి డెబ్బై చాల్లే."

"మరి మొదటిది?"

"చెరిపెయ్. పాతది పక్కనుంటే దాని నీడ కొత్తదానిమీద పడుతుంది."

"ఇంత మంచి కిటుకు గ్రూపులో ఎప్పుడూ చెప్పలేదేం?"

"అందరికీ చెప్పేదా ఇది! సొంత చెల్లెలివి గనక నీకు చెప్పాను."

చుట్టాల ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చిన పెళ్లి ఫోటో చూశారుగా? పెళ్లికొడుకెవరో, పందిరి గుంజ ఏదో పోల్చుకోలేం. పంపినప్పుడల్లా బొమ్మ ఇంత అరుగుతుంది. అది రంగప్పకీ తెలుసు. తెలిసే చెప్పాడు. చెప్పి, ఆ రాత్రి పాలపిట్ట రంగులో హాయిగా పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి బాతక్క చీటీల ఫలితం పెట్టేసింది. ఆరో పువ్వు నత్తమ్మ. ఏడోదీ ఆఖరిదీ రంగప్ప.

రంగప్ప తెల్లగా పాలిపోయాడు. అరిగి బురదైపోయే ఆ బొమ్మలోంచి కరిగి రావాల్సింది తన మొదటి రంగే! గబగబా నత్తమ్మకి రాశాడు.

"ఎంతవరకు వచ్చింది చెల్లెమ్మా?"

"ఇరవైరెండు అయ్యాయన్నయ్యా. నా సంగతి తెలుసుగా, మెల్లగా చేస్తాను. కాస్త మసకేసినట్టుంది. ఆపెయ్యనా?"

ఒక్క మాట చాలు. రంగప్ప వేలు "ఆపు" అని రాసింది కూడా. పంపబోతుండగా గ్రూపులో కాకి మెసేజీ వచ్చిపడింది: "బాతక్కా, ఇంకా ఆలోచనెందుకు? నత్తమ్మ పేరు పెట్టెయ్!" దాని కింద మూడువేల చీమలు ఔనంటే ఔనన్నాయి.

రంగప్ప "ఆపు" అన్న మాటను చెరిపేశాడు.

"మధ్యలో అలాగే మసకేస్తుంది. బెంగపడకు. డెబ్బై పూర్తిచెయ్" అని రాశాడు. 'కానియ్, అంత మసక తర్వాత నేను వస్తే ఇంకా వెలిగిపోతాను' అని తనకి తను సర్దిచెప్పుకున్నాడు. అరవైనాలుగు రంగులు మారుస్తూ తన వీడియో తనే తీసుకుని బాతక్కకి పంపేశాడు. నత్తమ్మ వీడియో మాత్రం ఆట రోజు పొద్దున గానీ బాతక్కకి చేరలేదు. పూర్తిగా చూసే తీరిక లేక ఆవిడ దాన్ని అలాగే దండలో కలిపేసింది.

ఆ మధ్యాహ్నం గుహ కిక్కిరిసింది. ఏనుగుకి చోటులేక తొండం ఒక్కటే లోపలికి పంపింది. దండ మొదలైంది. కప్ప వానచినుకులు, కాకి మబ్బులు, ఒకటి తర్వాత ఒకటి, ముడి ఎక్కడుందో తెలియకుండా జారిపోతున్నాయి. జనం ఊగిపోతున్నారు.

ఆరోది వచ్చింది. గోడమీద గళ్లు. బూడిదరంగు గళ్లు, బురదరంగు గళ్లు. ఎవరో అడుగంటిన సంగటిని గోడకేసి పులిమినట్టుంది.

"ఇదేమిటి, గోడకి గజ్జి లేచిందా?" అంది గేదె.

"ఇది నత్తమ్మ పనేనా?" అంది కొంగ.

రంగప్ప రాతి అంచున కూర్చుని పచ్చగా నవ్వుకున్నాడు. అంతలో ఆ బురదమీద అక్షరాలు లేచాయి. డెబ్బై అయ్యాక రాసినవి గనక అవి మాత్రం అద్దంలా ఉన్నాయి: "ఈ మెరుగు రంగప్పన్నయ్య చలవ. నాకు నేనే డెబ్బైసార్లు పంపుకోమని నేర్పిన గురువుకి దండం."

బాతక్క పనితనం తెలుసుగా, ముడి కనపడదు. ఆ అక్షరాలు చెరగకుండానే రంగప్ప వీడియోలోకి మెల్లగా కరగసాగాయి. గోడమీద రంగప్ప ఠీవిగా ఒకటో రంగు మార్చాడు, రెండో రంగు మార్చాడు. మొహంమీద "డెబ్బైసార్లు" అన్న మాట అలాగే ఉంది.

పదకొండువేల మొహాలు గోడని వదిలి అతనివైపు తిరిగాయి.

"అయ్యో పాపం!" అన్నాడు రంగప్ప, గొంతు తడిచేసుకుని. "నేనేదో అన్నాను, పిచ్చితల్లి ఇంకేదో అర్థం చేసుకుంది. మొదటిది ఉండి ఉంటే నేనే దగ్గరుండి బాగుచేసేవాణ్ని. ఏం లాభం, పోయింది కదా!"

ముందు వరసలోంచి నత్తమ్మ కొమ్ములు మెల్లగా పైకెత్తింది. "ఉందన్నయ్యా."

"ఉందా! చెరిపెయ్యమన్నానుగా!" అని అరిచాడు రంగప్ప.

గుహలో పదివేల చీమలూ ఒక్కసారిగా మీసాలు నిక్కించాయి.

"నడిచిన చోటల్లా జాడ వదిలేదాన్ని, నాకు చెరపడం ఎక్కడ చేతనవుతుంది అన్నయ్యా?" అంది నత్తమ్మ. "మొదటిదే కాదు, డెబ్బై కూడా ఉన్నాయి."

గోడమీది వెలుతురు పడి రంగప్ప ఒళ్లంతా స్పష్టంగా కనిపిస్తోంది. పసుపు, నేరేడు, వంకాయ, బొగ్గు. ఇన్నాళ్లూ ఫోను దాచిపెట్టిన రంగులన్నీ వరసగా బయటికొచ్చాయి.

"రంగప్ప మావా," అంది కాకి, "గోడమీద ఆట కన్నా నీమీద ఆటే బావుంది. మళ్లీ ఒకసారి వెయ్యి."

బాతక్క ముందుకొచ్చింది. నత్తమ్మ ఫోను తీసుకుని, ఆ డెబ్బయ్యీ వెనకనుంచి ముందుకి వేసింది. అడుగంటిన సంగటి కాస్తా మసకైంది. మసక మడుగైంది. గళ్లు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి గోడంత మంచుబొట్టు నిలిచింది. అందులో మడుగు, సూర్యుడు, కొమ్మమీద ఆవగింజంత రంగప్ప. తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలాలు రెక్కలతో చప్పట్లు కొట్టబోయి నలభై దాకా కిందపడ్డాయి.

"ఎరుపు ఇంకా వెలిసినట్టే ఉంది," అంది నత్తమ్మ. "ఏం చెయ్యాలన్నయ్యా?" ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అతనికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

రంగప్ప నేల చూపులు చూశాడు. "ఒక్క గీత పెంచు."

"అంతేనా?"

"అంతే."

బాతక్క పెంచింది. మంచుబొట్టులో సూర్యుడు కణకణమన్నాడు.

ఆ సాయంత్రానికల్లా గ్రూపు నెత్తిన మాట మారింది: "సందేహముంటే నత్తమ్మనడగండి. ఆలస్యంగా చెబుతుంది, నిజం చెబుతుంది." రంగప్పని అడిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒకరున్నారు. కాకి రోజూ పొద్దున్నే ఆ కొమ్మమీద వాలి, "మావా, ఇవాళేం చెయ్యమంటావో చెప్పు, అది తప్ప ఇంకేదైనా చేస్తా" అంటుంది.

సలహాలో అసూయ కలిపి ఇచ్చినవాడి పేరు, ఆ సలహా చెడగొట్టిన పనిమీదే అందరికీ కనపడేలా మిగులుతుంది.