పాతచీరమ్మ తల్లి కట్టుకునే బొంత

కొండగెడ్డవలసకు వచ్చే భక్తులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడి అమ్మవారు కొత్త చీర పుచ్చుకోదు. తెలియక పట్టుచీర తెచ్చినవారిని పూజారమ్మ నవ్వుతూ వెనక్కి పంపిస్తుంది. "మీరే కట్టుకోండమ్మా. ఉతికి ఉతికి మెత్తబడ్డాక పట్టుకురండి" అంటుంది. వానలు తగ్గిన దగ్గర్నుంచి రథసప్తమి దాకా గట్టు మీది ఈ చిన్న గుడిలో తల్లి ఒంటి మీద ఉండేది పాత చీరల పీలికలతో కుట్టిన బొంత.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఒక నల్లరాయి మాత్రం ఉండేది. కింద ఊళ్లో అసిరమ్మ అనే ఇల్లాలు శుభ్రతకు పెట్టింది పేరు. ఎండలు ముగిసేలోగా చింతపండు జాడీలకెత్తి, గోడలకు సున్నం కొట్టి, చినుకు పడకముందే పిడకలు అటకెక్కించేది. వానలు తగ్గగానే బట్టలన్నీ ఎండకు వేసి చెమ్మ వాసన వదిలించేది. దుమ్ము కూడా అసిరమ్మ గడప దగ్గర ఆగి అనుమతి అడుగుతుందని ఊరివాళ్లు వేళాకోళమాడేవారు. పొరుగింటి పారమ్మ అటక నిండా పాతగుడ్డలే. "నీ అటక మీద ఎలకలు పెళ్లిళ్లు సేసుకుంటన్నాయే" అని అసిరమ్మ ఆమెను ఎగతాళి చేసేది.

ఒక ఏడు, చాలాకాలానికి, కోడలు కన్నమ్మ నీళ్లోసుకుంది. పుట్టబోయే బిడ్డకు అంతా కొత్తదే ఉండాలని అసిరమ్మ ముచ్చటపడింది. కొత్త నేతబట్ట తెప్పించి, పాతదన్నది పీలిక మిగల్చకుండా మూటకట్టింది. కాలం చేసిన అత్తగారు నీలమ్మ చీరలూ ఆ మూటలోకే వెళ్లాయి. అప్పుడే ఒక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఆ మూట నాకియ్యవే తల్లీ, సలికాలం వస్తంది" అంది.

"గట్టు మీద పారేస్తాను. కావాలంటే ఏరుకో" అంది అసిరమ్మ, చేతిలోని చీపురు దించకుండానే.

"పారేసినవి నాకొద్దమ్మా. ఇస్తే పుచ్చుకుంటాను" అని ముసలమ్మ వెళ్లిపోయింది. అసిరమ్మ అన్నంత పనీ చేసింది. మూటను గట్టు మీది రాతిపైకి విసిరి వచ్చింది.

పుష్యమాసంలో, మంచు కురుస్తుండగా, నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు. వాడి చర్మం ఉల్లిపొరలా ఉంది. కొత్త బట్ట చుడితే ఒరుసుకుని ఎర్రబడింది, విప్పితే చలికి నీలం తిరిగింది. ఏడ్చి ఏడ్చి పాలు తాగడం మానేశాడు. "పాత సీర తే అప్పా. కట్టి కట్టి నలిగిన సీర తే. లేపోతే గుంటడు దక్కడు" అంది మంత్రసాని. అసిరమ్మ ఇల్లంతా గాలించింది. ఆఖరికి ఆమె ఒంటి మీదిదీ గంజి పెట్టిన కొత్త కోకే. తళతళలాడే ఆ ఇంటి నడుమ నిలబడి ఆమె వలవలా ఏడ్చింది.

సిగ్గు విడిచి పొరుగింటి గడప ఎక్కింది. "పారమ్మా, పాత ముక్క ఒకటియ్యవే. మా గుంటడికి" అంది. పారమ్మ ఎలకల మాట ఎత్తలేదు. అటక ఎక్కేంత ఆలస్యం కూడా చేయకుండా, కట్టుకున్న చీర కొంగే చింపి ఇచ్చింది. కబురు తెలిసి ఇంటింటి నుంచీ తలో ముక్కా వచ్చింది. అన్నీ కలిపి కుట్టి బిడ్డకు చుట్టారు. ఏడుపు ఆగింది గాని ఒళ్లు వెచ్చబడలేదు.

తెల్లవారుజామున కునుకు పట్టిన అసిరమ్మకు ఆ ముసలమ్మ కలలో కనిపించింది. "నీ మూట నేను పుచ్చుకోలేదమ్మా, కాపలా కాస్తన్నాను. నీది నువ్వు పట్టుకుపో" అంది.

అసిరమ్మ పరుగున గట్టెక్కింది. చుట్టూ గడ్డి మంచుకు తడిసి ఉంది. మూట మాత్రం పొయ్యి పక్కనుంచి తీసినట్టు వెచ్చగా ఉంది. ఎత్తి చూస్తే, కింద రాతిలో ముసలమ్మ ముఖం. అసిరమ్మ నీలమ్మ చీర తీసి గుండెకు హత్తుకుని రెండడుగులు వేసింది, ఆగింది. ఇన్నాళ్లూ ఆ మూటను వెచ్చగా ఉంచిన తల్లి ఇప్పుడు చలిలో ఉందని తోచింది. వెనక్కి వచ్చి, చీరను నడిమికి చింపి, సగం రెండు చేతులా తల్లికి కప్పింది. "పారెయ్యడం కాదమ్మా, ఇస్తన్నాను. మా అత్త నీలమ్మ కట్టిన సీర" అంది. తక్కిన సగంలో చుట్టగానే బిడ్డ ఒళ్లు వెచ్చబడింది. కన్నమ్మ ఒళ్లోకి తీసుకుంటే పాలకు నోరు తెరిచాడు.

నేటికీ వానలు తగ్గి బట్టలు ఎండకు వేసే రోజుల్లో, కట్టి విడిచిన చీర నుంచి ఇంటికొక పీలిక అమ్మవారికి అందుతుంది. ఆడవాళ్లు గుడి ముందు ఎండలో కూర్చుని బొంత కుడతారు. చలికాలంలో ఊళ్లో ఎవరింట పురుడొచ్చినా ఆ బొంత బిడ్డకు పంపి, అమ్మవారికి మరొకటి కుడతారు. అందులో పడుకున్న పసివాళ్లకు జలుబు చేయదని నమ్మకం. చేసినా అమ్మ చూసుకుంటుందని ఇంకో నమ్మకం.

పూజారమ్మ అసిరమ్మ వంశపు కోడలే. పీలిక తెచ్చిన ప్రతివారినీ, "ఎవరు కట్టిన సీరమ్మా?" అని అడుగుతుంది. పేరు చెప్పాకే సూదిలో దారం ఎక్కిస్తుంది. వెళ్లిపోయిన తల్లుల పేర్లు, అత్తల పేర్లు చెప్పబోయి కొందరు ఆ పీలికను ఒకసారి ముఖానికి ఆనించుకుంటారు. ఎవరూ తొందరపెట్టరు. అందరివీ అయ్యాక, నడిమధ్య తన పీలిక పెట్టి కుడుతూ, "నీలమ్మ సీర" అంటుందామె. ఆ చీర ఎప్పుడో చివికి మట్టిలో కలిసిపోయింది. పేరు మాత్రం ఏటేటా కుడుతూనే ఉన్నారు.