గుప్పెడు మునగాకు

బొబ్బిలి పక్కన ఒక పల్లెలో సన్యాసయ్య అనే ఆత్రగాడు ఉండేవాడు. అన్నం ఉడకకముందే విస్తరి వేసుకునే రకం. భార్య పైడమ్మ మాత్రం నిదానస్తురాలు. ఆమె పెరట్లో ముప్పై నాటుకోళ్లను పిల్లలప్పటినుంచి సాకింది. మునగాకును మూడు రోజులు నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, రోజూ గుప్పెడు నూకల్లో కలిపి వేసేది. ఆ కోళ్ల గుడ్డు కొడితే సొన పసుపుముద్దలా ఉండేది. పెంకు కూడా గట్టిగా ఉండేది.

ఒకసారి పైడమ్మ చెల్లెలి పురుటికని బయలుదేరింది.

"పొడి డబ్బాలో ఉంది. రోజుకి గుప్పెడే వెయ్యి. నిండుకుంటే ఒట్టి నూకలు చాలు. నా కోళ్లు నీ చేతిలో పెడుతున్నానయ్యా," అంది.

"నాకు చెప్పాలా! నువ్వొచ్చేసరికి గుడ్లు రెట్టింపు చేసి చూపిస్తా," అన్నాడు సన్యాసయ్య.

గుప్పెడికే ఇంత గుణముంటే తట్టెడికి ఎంతుంటుందో అనుకున్నాడు మహానుభావుడు. నాలుగు రోజుల్లో డబ్బా ఖాళీ చేశాడు. మళ్లీ ఆకు ఆరబెట్టాలంటే మూడు రోజులు! అమ్మో, అంత ఓపిక ఎక్కడిది? పక్క చేలో కాలీఫ్లవర్ ఆకులు ఏపుగా కనిపించాయి. కొడవలి పట్టుకుని వెళ్లాడు.

"బావా, నిన్ననే పురుగుమందు కొట్టాను. వారం దాకా ముట్టుకోకు," అని ఆ చేను రైతు అప్పలస్వామి కేకేశాడు.

"ఆకే కదరా! నాలుగు నీళ్లు పోస్తే పోదా?" అని నవ్వి, తట్టెడు కోసుకొచ్చాడు. కడిగి, తరిగి, పెరట్లో పోశాడు. కోళ్లు ఎగబడి తిన్నాయి. చూసి మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి వాటి మెడలు వాలిపోయాయి. సన్యాసయ్య లబోదిబోమంటూ ఒక్కోదాని నోట్లో మజ్జిగ పోశాడు. గుటక పడలేదు. పొద్దు వాలేసరికి ఒక్కటీ మిగల్లేదు. తన చేతులతోనే గొయ్యి తీసి పూడ్చాడు.

మూడోనాడు పైడమ్మ మూట పట్టుకుని బస్సు దిగింది.

"పొడి నిండుకుని ఉంటుందని అక్కడే ఆకు ఆరబెట్టి తెచ్చాను," అంటూ నేరుగా పెరట్లోకి నడిచింది. కోళ్ల గంపలు ఖాళీగా పడి ఉన్నాయి. ఎక్కడా అలికిడి లేదు.

"నా కోళ్లేవయ్యా?"

సన్యాసయ్య తల ఎత్తలేక, జరిగిందంతా చెప్పాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండు అనుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఆకు మూట ఒళ్లో పెట్టుకుని, ఆ ఖాళీ గంపల పక్కనే కూలబడింది. ఆ మూట ఆమె మళ్లీ విప్పలేదు.

చూశారా పిల్లలూ, మంచి చేయాలన్నా నిదానం కావాలి, చెప్పిన మాట వినాలి. తొందరపాటు మనదే అయినా, దానికి బలయ్యేది మనల్ని నమ్ముకున్న నోరులేని ప్రాణులే.