నాంచారి సొరపాదు

వానలు మొహం చాటేసిన రాజ్యంలో, కోట గోడ వెనక గుడిసెలో నాంచారి ఒక్కర్తే ఉండేది. బావి ఎండిపోగానే ఆమె మొగుడు ఓబయ్య ఎడ్లను తోలుకుని గడ్డి దొరికే సీమకు వెళ్ళిపోయాడు. "మన దొడ్లో మళ్ళీ సొరపాదు పూసిందని తెలిస్తే చాలు, వచ్చేస్తా" అన్నాడు.

అప్పట్నుంచీ ఆమె కళ్ళు బాట మీదే. చూసి చూసి, కోట తూములోంచి వచ్చే వాడేసిన నీళ్ళను ఇసుక, బొగ్గులు పోసిన గుంటల్లో వడగట్టి, తుంగ మొలిచిన మడుగులో తేర్చి, సొరగింజ నాటింది. పాదు పందిరెక్కి పూసింది.

అది చూసి దివానుకు ఒళ్ళు మండింది. నాంచారిని రాజుగారి ముందుకు ఈడ్చుకొచ్చాడు. "ప్రభూ, ఇది మురికినీళ్ళతో పాదు పెంచుతోంది. ఊరంతటికీ మైల! పీకించెయ్యాలి."

నాంచారి చేతులు కట్టుకుంది. "రోజూ పొద్దున్నే తమరు నెత్తిన చల్లుకునేవి ఏ నీళ్ళు దొరా?"

"రాజుగారి కాళ్ళు కడిగిన నీళ్ళు. పరమ పవిత్రం!"

"చల్లుకోగా మిగిలినవి ఎటు పోతాయి?"

"కోట వెనక తూములోకి..." అంటూనే దివాను నాలిక కరుచుకున్నాడు.

"అవే నీళ్ళను నేను వడగట్టి, తేర్చి మొక్కకు పోస్తున్నాను. తమరు వడగట్టకుండానే నెత్తిన పోసుకుంటున్నారు. మైలంటే ముందు ఎవరికి దొరా?"

రాజు పకపకా నవ్వి, కోట నీళ్ళన్నీ అలాగే తేర్చి పొలాలకు వదలమన్నాడు. "నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

నాంచారి చేతులు జోడించింది. "గడ్డి సీమకు వెళ్ళే మీ వేగువాడి చేత ఒక్క సొరపువ్వు పంపించండి ప్రభూ. దారిలో వాడిపోయినా ఫర్వాలేదు, మా ఆయన గుర్తుపడతాడు."