పుక్కిట పట్టిన కషాయం

"నీలవేణీ! ఓ నీలవేణీ! ఇలా రావే, నా మొలతాడు జారిపోతోంది!"

"మొలతాడు సంగతి తర్వాత బాబాయ్, ముందు పంచె పట్టుకో!" అంటూ పరుగెత్తాను.

అరిచింది గవర్రాజు, పెద్దాపురంలో కాజాల కొట్టు వంటమాస్టరు. మండలం రోజుల క్రితం ఇంత పొట్టతో మా వైద్యశాలకు ఇవే మెట్లు ఎక్కుతూ రెండుసార్లు కూలబడ్డాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో పొయ్యి ముందు నిలబడలేకపోతే బాణలి ఇంకొకరికి అప్పగిస్తానని యజమాని చెప్పేశాడట. "నేను తినేది తిండి కాదమ్మా, పని! వాయి వాయికీ నోట్లో వేసుకుని చూడకపోతే పాకం చెడిపోదూ?" అని మా గురువుగారు జోగమ్మగారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆవిడ వాదించలేదు. నేలవేము, శొంఠి, కరక్కాయ వేసి కాచిన కషాయం ఫ్లాస్కులో పోసి ఇచ్చారు. "కాజా రుచి చూడాలనిపించినప్పుడల్లా ముందు ఇది ఒక గుక్క తాగు" అన్నారు, అంతే.

ఇవాళ ఆ మనిషే మెట్లు ఎగిరెక్కి వచ్చాడు! ఎండలో వెన్నముద్దలా కొవ్వంతా కరిగి కారిపోయినట్టు నా కళ్ళకు కట్టింది. అప్పటికే ఒక పొట్లం మీద 'కొవ్వును కరిగించునది' అని అందంగా రాసి, కింద మూలిక పేరుకు చోటు వదిలిపెట్టాను.

"అమ్మగారూ, ఇప్పుడైనా చెప్పండి! ఆ మూడింట్లో కొవ్వు కరిగించింది ఏది?"

జోగమ్మగారు పొయ్యి మీద గిన్నె పెట్టించి, పంచదార, నీళ్ళు పోయించారు. గవర్రాజు చేతికి కషాయం గ్లాసు అందించారు.

"పుక్కిట పట్టు. మింగకు. కాజా పాకం తీసి చూపించు."

నోట్లో విషమంత చేదు పెట్టుకుని పాకం ఎలా తీస్తాడు? బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళల్లో నీళ్ళతో నిలబడ్డాడు గవర్రాజు. పాకం పొంగింది. గరిటె ఎత్తి, చుక్క వేలి మీదికి తీసుకుని, బొటనవేలు ఆనించి మెల్లగా విడదీశాడు. రెండు వేళ్ళ మధ్య తీగ సాగి, కిటికీ వెలుగులో బంగారు పోగులా మెరిసింది. చటుక్కున గిన్నె దించేశాడు.

"కుదిరింది! కుదిరింది!" అని చప్పట్లు కొట్టాను.

గవర్రాజు మాత్రం ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. నోట్లోని కషాయం గుటక వేశాడు.

"పాకం వేళ్ళతోనే చూస్తామమ్మా" అన్నాడు చివరికి. "మా అయ్య నేర్పిందీ అదే. ఈ నలభై రోజులూ నోరంతా చేదు, ఒక్క కాజా ముట్టలేదు. ఒక్క వాయీ చెడలేదు. నోటితో చూసిందంతా పని కాదమ్మా. నా జిహ్వ చాపల్యం."

జోగమ్మగారు నా పొట్లం వైపు చూశారు.

"మూలిక పేరుకు చోటు వదిలావుగా, నీలవేణీ. అతను చెప్పిందే రాసుకో."