పొట్ట కొలిచిన నక్కగారు

అడవిలో ఎవరి పక్కటెముకలూ బయటికి కనిపించకూడదని సింహం ఇరవై ఏళ్ల పథకం పెట్టింది. బక్కచిక్కినవాళ్లకు వాగొడ్డు పచ్చికలో మేత. పొట్ట నిండినవాళ్లు రాళ్లగుట్ట మీద తమ తిప్పలు తాము పడాలి. ఎవరు నిండారో తేల్చే పని నక్కగారిది. ఆయన మెడలో ఓ తీగ, ఆ తీగకో ముడి. పొట్ట ముడి దాటితే ఆ ప్రాణికి పేదరికం పోయినట్టే. ఒకసారి పోయాక మళ్లీ కొలవడం ఉండదు.

గడువు దగ్గరపడింది. బక్కవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. నక్కగారి తీగ మాత్రం మందమందకూ పరుగెత్తింది.

బొల్లి మేక వంతు వచ్చింది. వెన్ను కత్తిలా తేలి ఉంది, పొట్ట కుండలా వేలాడుతోంది. ముడి దాటింది.

"బాగానే మేశావే. రేపట్నుంచి గుట్టమీదికి పో" అన్నారు నక్కగారు.

బొల్లి కడుపులో పిల్లలున్నాయి. పున్నమికి అటూఇటూగా ఈనాలి. గుట్టమీద ముళ్లే. పచ్చిక లేకపోతే పాలు పడవు, పాలు లేకపోతే పిల్లలు దక్కవు. పోయినేడు గుట్టమీద ఈనిన మేకకు రెండు పిల్లలూ దక్కలేదు. తాను చూడితో ఉన్నానని నక్కగారికి చెబితేనో అని ముసలి గాడిద ఎర్రవ్వను అడిగింది.

ఎర్రవ్వ మూతి తిప్పింది. "ఆడదాని పొట్ట ఎందుకు పెరిగిందో జన్మలో అడిగాడా వాడు? చెప్పినా ముడి దాటిందనే అంటాడు."

బొల్లి వెళ్లి నక్కగారి ముందు తల వంచింది.

"అయ్యగారూ, ఇంత నిండిన పొట్ట ఇంకోటి లేదు. పున్నమికి రాజుగారు వస్తున్నారటగా, నన్నే చూపించండి. అందాకా పచ్చికలో ఉంచితే పొట్ట తగ్గదు."

నక్కగారి కళ్లముందు మంత్రి పదవి మెదిలింది. సరేనన్నారు.

బొల్లికి మేత దొరికింది గానీ కంటికి కునుకు లేదు. నొప్పులు ముందే వచ్చి పొట్ట తగ్గినా గుట్టే, రాజుగారు చూసి వెళ్లాక వచ్చినా గుట్టే.

పున్నమి పొద్దున సింహం వచ్చింది. నక్కగారు బొల్లికి తీగ చుట్టి ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఇరవై ఏళ్ల ఫలితమంతా ఈ పొట్టలోనే ఉందన్నారు. బొల్లి నడుములో నొప్పి కదిలింది. పళ్లు బిగబట్టి నిలబడింది. ఉపన్యాసం ముగియకముందే రెండు పిల్లలు గడ్డిమీద పడ్డాయి. తీగ వదులై కాళ్ల దగ్గరికి జారింది. తోలుకింద పక్కటెముకలు తేలాయి.

"ఫలితం ఏదయ్యా?" అంది సింహం.

నక్కగారు వంగి జారిన తీగ అందుకోబోయారు.

"అదిగో, లేవబోతోంది రాజా. పాలు కావాలంటోంది" అంది బొల్లి.

సింహం మాట మీద గుట్టమీది చూడి మేకలన్నీ దిగివచ్చాయి. నక్కగారు ఎక్కారు, నడుముకు తన తీగే కట్టించుకుని, పొట్ట ముడి దాటేదాకా దిగరాదన్న ఆజ్ఞతో. కొత్తగా ఎవరు తీగ పట్టుకొస్తారో అని బొల్లి చెవులు మాత్రం ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి.

నీతి: పొట్ట కొలిచే ముందు, అది ఎందుకు పెరిగిందో మోసేదాన్ని అడగాలి.