పైడయ్య కాళ్ళు వెచ్చబడిన విధం

గొర్లపాడులో తెలివి అంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని పైడయ్యకి గట్టి నమ్మకం. పెళ్ళాం ఎర్రమ్మకీ అదే నమ్మకం. ఆ ఇంట్లోనే తిని పడుకునే బావమరిది బంగారయ్యకైతే ఆ తెలివంతా తనదేనని నమ్మకం. వానకి గొడుగు తడిసిపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికొచ్చిన మనిషి మరి!

పైడయ్యది పాల వ్యాపారం. తెల్లారేసరికి గేదెల పాలు పిండి, రెండు క్యాన్లు సైకిలుకి చెరోపక్కా తగిలించి, మొదటి బస్సు రాకముందే ఘాటురోడ్డు మీది సూరమ్మ టీకొట్టుకి అందించాలి. ఆ ఏడు చలి చంపేస్తోంది. సగం దారికే పైడయ్య చేతివేళ్ళు పాలిపోయేవి, కాళ్ళు మొద్దుబారేవి. సైకిలు తొక్కుతున్నది తనో ఇంకెవరో తెలిసేది కాదు. రోజూ ఆలస్యమే.

"ఇలాగైతే పాకెట్ పాలు వేయించుకుంటాను," అనేసింది సూరమ్మ.

ఆ కొట్టు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పైడయ్య గుండెల్లో రాయి పడింది. పరుగున డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు.

"చేతులకీ కాళ్ళకీ రక్తం సరిగా అందట్లేదు. గాలి తగలకుండా బాగా చుట్టుకో. మధ్యలో సైకిలు దిగి కాసేపు నడు. చేతులూ కాళ్ళూ వెచ్చగా ఉంచుకో," అందావిడ.

ఇంకేముంది! మర్నాడు ఎర్రమ్మ మొగుడి చేతులు రెండూ హ్యాండిలుతో కలిపి దుప్పటితో చుట్టి, పురికొసతో బిగించేసింది. పాదాలు పెడళ్ళతో సహా గోనెసంచుల్లో పెట్టి కుట్టేసింది. "ఇంక గాలి దూరితే నన్నడుగు," అంది.

గాలి దూరలేదు. కానీ కొట్టు దగ్గర బ్రేకు పట్టడానికి వేళ్ళు ఆడవు, దిగడానికి కాళ్ళు రావు. అంతే! సైకిలు నేరుగా వెళ్ళి బజ్జీల బల్లని గుద్దుకుంది. పాలు సగం నేలమీద పోయాయి. సూరమ్మే కత్తిపీట తెచ్చి అతన్ని సైకిలు నుంచి కోసి తీసింది.

"రెండో మాట మర్చిపోయాం బావా! మధ్యలో దిగి నడవమందిగా," అన్నాడు బంగారయ్య.

దారికి సరిగ్గా మధ్యలో కల్వర్టు ఉంది. మర్నాడు పైడయ్య అక్కడ దిగాడు, నడిచాడు, చేతులూపుకుంటూ కొట్టుకి చేరాడు.

"పాలేవిరా?"

"కల్వర్టు దగ్గరున్నాయమ్మా, సైకిలుతో పాటు."

"ఎందుకొదిలేశావు?"

"డాక్టరమ్మ దిగి నడవమంది. సైకిలు తోసుకెళ్ళమనలేదు కదమ్మా!"

అతను వెనక్కెళ్ళి తెచ్చేలోపు బస్సెళ్ళిపోయింది. "రేపొక్కరోజు చూస్తాను. ఆ పైన నా దగ్గరికి రాకు," అంది సూరమ్మ.

ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి బంగారయ్యే లేచి, "వెచ్చగా ఉంచాలి, అంతేగా? పాలు ఇంట్లోనే కాచి, గోరువెచ్చగా తీసుకెళ్దాం. సైకిలు నేను తొక్కుతాను. నువ్వు వెనక కూర్చుని ఒక్కో క్యానులో ఒక్కో కాలు పెట్టెయ్ బావా!" అన్నాడు.

"మా తమ్ముడు మా తమ్ముడే!" అని ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు బస్సు రాకముందే కొట్టు ముందున్నారు. ఎన్నాళ్ళకో పైడయ్యకి తన కాలివేళ్ళు తనకి తెలిశాయి. ఆనందంతో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సూరమ్మ కూడా నవ్వుకుంటూ గిన్నె పట్టుకొచ్చింది.

"ఇవాళ భేష్! క్యాన్లు దింపు."

"ఉండమ్మా, కాళ్ళు తియ్యనీ."

సూరమ్మ చేతిలో గిన్నె కిందపడింది. తర్వాత ఆవిడ అన్న మాటలు ఇంటిల్లిపాదీ కూర్చున్నచోట చెప్పకూడదు. ఆఖరున, "రేపట్నుంచి పాకెట్ పాలే!" అంది.

ఇంటికొచ్చి ముగ్గురూ గొల్లుమన్నారు. ఏడ్చి ఏడ్చి పైడయ్య ఠక్కున ఆగాడు.

"ఒరే బంగారూ, పాకెట్లో కాలెలా పడుతుందిరా? పాపం, ఆ పాకెట్లాయన చలికి ఏమైపోతాడు?"

ముగ్గురూ మర్నాడు తెల్లవారుతూనే మోపెడ్ మీద పాకెట్లు వేసుకొస్తున్న ఆ పెద్దమనిషికి కల్వర్టు దగ్గర అడ్డం నిలబడ్డారు. పైడయ్య రెండు క్యాన్లూ మూతలు తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"చెప్పులు విప్పండి బాబూ, మొహమాటపడకండి. రేపట్నుంచి రోజూ తెస్తాం. ఈ పాలు ఇంకెవరికీ పొయ్యం, మీ కాళ్ళకే!"